నా ముందరే చెరిపేయ్

జమ్మలమడుగు బస్టాండుకు దగ్గర్లో, మందుల షాపు పక్కన, నాకొక చిన్న డీటీపీ షాపు ఉండేది. పదడుగుల గది. అందులో కంప్యూటర్, ప్రింటర్, స్కానర్, జెరాక్సు మిషను, వాటి మధ్య ఇరుక్కొని నేను. నా కుర్చీ కాక ఇంకో కుర్చీ ఉండేది. దాని వీపు గోడకు ఆని ఉండేది, కూర్చున్నవాళ్ళకు ఎదురుగా వాకిలి కనపడేది. మొదట్లో దాన్ని నాకు వీలైనచోట వేసుకునేదాన్ని. వచ్చినవాళ్ళే జరిపి జరిపి అక్కడికి చేర్చారు. వాకిలికి వీపు పెట్టి కూర్చోవడం మా వైపు కొంతమంది మగవాళ్ళకు చేతకాదు. ఎందుకని నేను అడగలేదు, అడగాల్సిన పని లేదు.

అవి ఊళ్ళు రెండుగా చీలి ఉన్న రోజులు. ఒక గ్రూపు ఈ పార్టీ అయితే ఇంకో గ్రూపు ఆ పార్టీ. పెద్దమనిషి కండువా మార్చుకుంటే ఆయన వెనకున్న ఇళ్ళన్నిటి మీదా జెండాలు మారేవి. నాకు మాత్రం రెండు గ్రూపులూ కావాలి, రెండు గ్రూపులకూ నేను కావాలి. అర్జీలు, ఫ్లెక్సీలు, పెళ్ళిపత్రికలు, పాసుపుస్తకం నకళ్ళు, బోరు కోసం ఎమ్మెల్యేకు విన్నపాలు, అన్నీ నా దగ్గరే కొట్టించుకునేవాళ్ళు. నన్ను ఇద్దరూ నమ్మింది నా గొప్పతనం చూసి కాదు. తాతముత్తాతల కాలంలోనే చర్చిలో చేరిన కుటుంబం మాది. పొలం లేదు కాబట్టి గెట్టు తగాదాలు లేవు. మా నాయన బడిపంతులు. ఆయన బెత్తం దెబ్బ తినని మగవాడు రెండు గ్రూపుల్లోనూ ఉండడు. అయ్యవారి కూతురు ఒకవైపు మాట్లాడదని నాకు పేరు వచ్చింది.

ఆ పేరు నిలబెట్టుకోవడానికి నాకొక పద్ధతి ఉండేది. పద్ధతి నాది కాదు, వచ్చినవాళ్ళు నేర్పించినదే. కాగితం ప్రింటు తీసి చేతికిచ్చాక ఏ గ్రూపు మనిషైనా అనే మాట ఒకటే: "చెరిపేయ్ మ్మా. నా ముందరే చెరిపేయ్." నేను మానిటర్ వాళ్ళ వైపు తిప్పి, ఫైలు తీసేసి, మూలనున్న చెత్తబుట్ట బొమ్మ చూపించేదాన్ని. అందులో నలిపేసిన కాగితాలు కనపడేవి. ఒక నొక్కు నొక్కితే కాగితాలు మాయమై ఉత్త బుట్ట మిగిలేది. చదువురాని ముసలివాళ్ళు కూడా మెడ చాచి ఆ బుట్టను చూసి, ఖాళీ అయిందని తేల్చుకొని లేచేవాళ్ళు. ఒక గ్రూపు కాగితం ఇంకో గ్రూపు కంటపడకుండా పన్నెండేళ్ళు నడిపాను. నా తెర మీద గడ్డి కొండా నీలి ఆకాశమూ తప్ప ఒక్క ఫైలు కూడా ఉండేది కాదు. ఆ శుభ్రం చూసి నాకే ముచ్చటేసేది.

ఒక ఎండాకాలం ఆ కంప్యూటర్ కాలిపోయింది. పొగ కూడా వచ్చింది. ప్రొద్దుటూరు నుంచి బట్టతల మెకానిక్కు వచ్చి, మూత తీసి చూసి, పెదవి విరిచాడు. "దీని పని అయిపోయిందక్కా. కొత్తది తెచ్చుకో," అన్నాడు. తెచ్చుకున్నాను. అతనే వచ్చి బిగించి, ఆన్ చేశాడు. తెర మీద గడ్డి కొండ లేదు. అంగట్లో బిస్కెట్ ప్యాకెట్లు పేర్చినట్టు రంగురంగుల పలకలు తెర నిండా ఉన్నాయి. అందులో కొన్ని వాటంతట అవే తిరగబడుతున్నాయి. ఒకసారి వాతావరణం, ఒకసారి ఏదో వార్త, ఒకసారి ఫోటో.

"ఇదేంది?" అన్నాను.

"కొత్త వర్షనక్కా. ఇప్పుడన్నీ ఇట్లే వస్తాండాయి."

"స్టార్ట్ బటన్ యాడ?"

"తీసేసినారు."

"తీసేసినారా? మరి నేను పని యాడ మొదలుపెట్టల్ల?"

అతను నవ్వాడు. "అలవాటైపోతాదిలేక్కా," అని టూల్స్ బ్యాగు సర్దుకున్నాడు. అలవాటైపోతుందని చెప్పేవాడు ఎప్పుడూ బస్సెక్కి పోయేవాడే. మిగిలి అలవాటు చేసుకోవాల్సింది మనమే.

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆ వారం వచ్చింది కోపం కాదు, ఏడుపు. మనం ఊళ్ళో లేనప్పుడు ఎవరో ఇంట్లో దూరి, వంటిల్లంతా సర్దేసి, ఉప్పు డబ్బాలో కందిపప్పు పోసి, పోపుల పెట్టె అటక మీద పెట్టి పోయినట్టుంది. దొంగతనమంటే తిట్టుకోవచ్చు. ఇది బాగు చేశామని చెప్పి చేసిన పని. ఎవరో ఎక్కడో కూర్చొని, నన్నొక్క మాట అడక్కుండా, నా వేళ్ళు పన్నెండేళ్ళలో నేర్చుకున్నదంతా పనికిరాకుండా చేశారు. మొదటి రోజు దాన్ని ఆపు చేయడం కూడా నాకు తెలియలేదు. ఆపు చేసే గుర్తు కోసం అరగంట వెతికి, దొరక్క, అట్లే వదిలేసి పైన గుడ్డ కప్పి ఇంటికి పోయాను. బాణం గుర్తును కుడి మూలకు తీసుకుపోతే పక్క నుంచి ఒక నల్లటి పట్టీ వస్తుందని మూడో రోజు తెలిసింది. చెయ్యి రవ్వంత వణికితే అది మళ్ళీ లోపలికి పోతుంది. ఫోటో తెరిస్తే తెరంతా పరుచుకుంటుంది, మూయడానికి మూలన ఇంటూ గుర్తు ఉండదు. వచ్చినవాళ్ళు నా వెనక నిలబడి నేను తంటాలు పడేది చూసేవాళ్ళు. "పాతదే మేలుండె గదమ్మా," అని ఒకాయన అంటే, అది నాకు తెలీదా అని అరిచాను. పాపం, ఆయన వీరపునాయునిపల్లె నుంచి పనిమీద వచ్చిన మనిషి, మళ్ళీ రాలేదు.

ఆ రెండో వారంలో అతను వచ్చాడు.

అతనిది పెద్దముడియం వైపు ఊరు. మా నాయన దగ్గర చదువుకున్నవాడు, నన్ను అక్కా అంటాడు. ఎనిమిదేళ్ళ కిందట శనగ కోతలప్పుడు, పొలం నుంచి వస్తూ, రోడ్డు మీద ఒక మనిషిని నరికేసేది చూశాడు. చూసినవాళ్ళు ఇంకా నలుగురున్నారు. చూశానని కోర్టులో చెప్పింది ఇతనొక్కడే. చెప్పిన నెలకు పెళ్ళాన్నీ బిడ్డనూ తీసుకొని ఊరొదిలి పోయాడు. ఎక్కడున్నాడో అతని సొంత అత్తకు కూడా తెలియదు. ఆ సాక్ష్యంతో జైలుకు పోయినవాడికి ఒక అన్న ఉన్నాడు. ఆ గ్రూపుకు ఆయనే పెద్ద. ఆ పెద్దాయన నా షాపుకు వచ్చేవాడే. పని అయిపోయాక, లేస్తూ లేస్తూ, "ఆ నాకొడుకు యాడుండాడో ఏమన్నా తెలిసిందా మ్మా?" అని అడిగేవాడు. మీ వైపు వాన పడిందా అని అడిగినంత మామూలుగా అడిగేవాడు. నాకేం తెలుసు మామా అనేదాన్ని. అప్పటికి అది నిజమే.

అతను మధ్యాహ్నం బజారు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి, గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. తలలో సగం నెరిసిపోయింది. నాకంటే చిన్నవాడు.

"రేషన్ కార్డు మార్పించుకోవల్లక్కా," అన్నాడు. "ఈడ మండలంలో మా పేర్లు తీసేసినట్టు కాగితం ఇస్తేనే ఆడ కొత్త కార్డు ఇస్తామంటాండారు. నేను ఈడ మండలాఫీసుకు పోలేను గదా. నువ్వు పెట్టు."

"ఆడ అంటే యాడప్పా?"

అతను వాకిలి వైపు ఒకసారి చూశాడు. "పులివెందుల," అన్నాడు. అక్కడ చీనీకాయల మండీలో పని చేస్తున్నాడట. పెళ్ళాం మిషను కుడుతుందట. ఏడేళ్ళలో అది నాలుగో ఊరు, అక్కడ మాత్రం మూడేళ్ళుగా ఉన్నారు. కూతురు తొమ్మిదో తరగతి. "ఇన్నాళ్ళూ కార్డు వద్దనుకుంటిమి. యాడన్నా మన పేరు రాసి ఉండేదే వద్దని. ఇప్పుడు ఆమె అంటాది, ఇంక నేను లేవలేను, ఈడే ఉందాము, కార్డు ఎక్కించుకుందాము అని. బ్లౌజులకు ఆ వీధంతా మా ఇంటికే వస్తారక్కా." చివరి మాట చెప్పేటప్పుడు మొహంలో కొంచెం గర్వం కూడా కనిపించింది.

"అర్జీలో రెండు ఊర్ల అడ్రసులూ రాయల్ల. ఆఫీసులో ఎవరన్నా చూస్తేనో?" అన్నాను.

"ఆఫీసులో కాగితం కదలాలంటే ఆర్నెల్లు పడతాది. దాని గురించి నాకు భయం లేదు," అని నవ్వాడు. "నీ కాడ ఉండకూడదు, అంతే."

అర్జీ ఫారం నేనే చేత్తో నింపాను, మా నాయన నేర్పించిన గుండ్రటి అక్షరాల్లో. పేర్లు, పాత ఊరు, కొత్త ఊళ్ళో వీధి, నూనె మిల్లు వెనక సందు అని గుర్తుతో సహా. మూలన కుటుంబం ఫోటో అంటించాను, ముగ్గురూ వరసగా నిలబడినది. స్కాన్ చేసి, ఆన్‌లైన్‌లో పెట్టి, ఫారం అతని చేతికిచ్చాను. అతను దాన్ని మడిచి చొక్కా లోపల పెట్టుకొని, అందరూ అనే మాటే అన్నాడు.

"చెరిపేయక్కా. నా ముందరే."

మానిటర్ అతని వైపు తిప్పి ఫైలు తీసేశాను. కొత్త తెరలో ఆ బుట్ట దగ్గరికి పోవడానికే నాకు నాలుగు నిమిషాలు పట్టింది. బుట్ట ఖాళీ చేసి చూపించాను. అతను తల ఆడించి, అర్జీ కదిలిందో లేదో కనుక్కోవడానికి పదిహేను రోజులకు వస్తానని చెప్పి పోయాడు. ఫోన్ నంబరు అడగలేదు. అట్లాంటివాళ్ళను నంబరు అడగరు.

నాకు తెలియనిది ఒకటుంది. పాత కంప్యూటర్‌లో స్కాన్ చేసింది ఎక్కడ పెట్టమంటే అక్కడే ఉండేది. కొత్తదానిలో స్కానర్ వేరే ఏదో ప్రోగ్రాంతో నడిచి, నన్నడక్కుండానే, తన సొంత ఫోల్డర్‌లో అసలు బొమ్మ దాచుకుంది. నేను చెరిపేసింది నకలు.

నాలుగు రోజులకు పెద్దాయన వచ్చాడు. పొద్దున పదకొండు గంటలు. ఆయన గ్రూపు పార్టీ మారింది. కొత్త నాయకుడు వస్తున్నాడు, స్వాగతం ఫ్లెక్సీ కావాలి. ఆయన గోడ పక్క కుర్చీలో కూర్చోలేదు. స్టూలు లాక్కొని నా మోచేతి పక్కన కూర్చున్నాడు. ఆయన మనుషులు ఇద్దరు బయట నిలబడ్డారు కాబట్టి వాకిలి గురించి ఆయనకు దిగులు లేదు. ఫ్లెక్సీ మీద వేయాల్సిన పేర్లు చెప్తుంటే కొట్టాను. ఎవరి ఫోటో ఎవరికంటే పెద్దగా ఉండాలో చెప్పాడు.

"ఏం కొట్టినావో రొంత చదువు మ్మా," అన్నాడు.

చదివాను. ఇంకోసారి చదువు అన్నాడు. ఎప్పుడూ తనే వంగి అక్షరం అక్షరం చూసుకునే మనిషి. కొత్త పార్టీలోకి పోయినాక దొరతనం ఎక్కువైందని లోపల తిట్టుకుంటూ మళ్ళీ చదివాను.

నాయకుడి ఫోటో పెన్‌డ్రైవ్‌లో ఉంది. దాన్ని తెరవబోయి ఏదో నొక్కాను, రంగు పలకలన్నీ మళ్ళీ పైకి వచ్చాయి. అందులో ఫోటోల పలక ఒకటి మెల్లగా తిరగబడింది. దాంట్లో మా నాయన నేర్పిన గుండ్రటి అక్షరాలు కనిపించాయి. దాని మీద నుంచి బాణం తప్పించబోయి దాని మీదే నొక్కాను. ఫారం తెరంతా పరుచుకుంది.

పేర్లు, పులివెందుల, వీధి, నూనె మిల్లు, మూలన ముగ్గురి ఫోటో. ఒక్కొక్క అక్షరం నా కళ్ళకు చింతగింజంత కనపడింది. ఇంటూ గుర్తు కోసం పైమూలకు పోయాను, లేదు. కిందకు పోయాను, ఏమీ లేదు. వేళ్ళకు తోచిన కీలన్నీ కొట్టాను. బొమ్మ ఇంకా పెద్దదైంది. నల్లపట్టీ కోసం కుడి మూలకు తీసుకుపోతే, అది వచ్చినట్టే వచ్చి పోయింది. మానిటర్ ఆర్పుదామంటే కొత్త మానిటర్‌కు బటన్ కూడా కనపడకుండా కిందెక్కడో పెట్టారు. తడిమాను, దొరకలేదు. ఇంక వంగి ప్లగ్గు పీకేశాను. ప్రింటర్ ఆగింది, ఫ్యాను తిరుగుతూనే ఉంది, బల్ల కింద యూపీఎస్ కుయ్ కుయ్ మని మొత్తుకుంటోంది, తెర మాత్రం అట్లే వెలుగుతోంది. కరెంటు పోతే పనులు పాడైపోతాయని ఆ యూపీఎస్ కొన్నది నేనే.

పెద్దాయన ముందుకు వంగాడు. కళ్ళు చిట్లించాడు. తెరకు రెండడుగుల దూరంలో మొహం పెట్టి, ఎంతసేపో చూశాడు. నేను దుమ్ము గుడ్డ తీసి మానిటర్ మీద కప్పేశాను.

"ఏమైంది మ్మా? మిషను చచ్చిందా?"

"వేడెక్కింది మామా," అన్నాను.

"సరే, సాయంత్రం వస్తాలే," అని లేచాడు. మెట్టు దిగుతూనే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. బయటున్న ఇద్దరూ ఆయన వెంట వడివడిగా నడిచారు. ఆరోజు లేస్తూ లేస్తూ అడిగే మాట ఆయన అడగలేదు. అన్నిటికంటే నన్ను చంపింది అదే. ఇంక అడగాల్సిన పని లేదు గదా అనుకున్నాను.

అతనికి చెప్పడానికి నా దగ్గర నంబరు లేదు. పోలీసులకు చెప్తే ఊరంతటికీ చెప్పినట్టే. షాపు మూసేసి ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే బస్సెక్కాను. దారంతా ప్రార్థన చేసుకోవాలని చూశాను, మాటలు రాలేదు. కళ్ళు మూసుకుంటే రంగు పలకలే కనపడ్డాయి. ముద్దనూరులో బస్సు టీ కోసం ఆగింది. డ్రైవరు తీరిగ్గా ఊదుకుంటూ తాగుతుంటే ఆ గ్లాసు లాక్కొని పారేద్దామనిపించింది. వెనక వచ్చే ప్రతి తెల్ల కారునూ కిటికీలోంచి చూశాను. పెద్దాయనది తెల్ల కారు. అట్లాంటివి ఆ రోడ్డు మీద వందున్నాయి.

నూనె మిల్లు వెనక సందులో ఇల్లు దొరకడం కష్టం కాలేదు. బ్లౌజులు కుట్టే ఆమె అంటే ఎదురింటివాళ్ళే చూపించారు. గడపలో మిషను, దండెం మీద కుట్టి ఇస్త్రీ చేసిన జాకెట్లు, గోడకు ఆ వీధి ఆడవాళ్ళ కొలతలు రాసిన కాగితం. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. నేనెవరో చెప్పగానే లేచి, "ఎండలో పడి వచ్చినావే, కూర్చోక్కా," అని మజ్జిగ తెచ్చింది. గ్లాసు పట్టుకొని, నీ మొగుణ్ణి పిలిపించు అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. అట్ల అడక్కుండా ఉండడం ఏడేళ్ళలో నేర్చుకున్నట్టుంది. పక్కింటి ఫోన్ నుంచి మండీకి కబురు చేసింది.

అతను వచ్చాక జరిగింది జరిగినట్టు చెప్పాను. పలకలు, స్కానర్, నకలు, ఇంటూ గుర్తు లేకపోవడం అన్నీ చెప్పాను. అవన్నీ అతనికెందుకు? నా తప్పు కాదని అనిపించుకోవాలని చెప్పాను, అంతే.

"చెరిపినావు గదక్కా. నా ముందరే గదా," అన్నాడు.

"చెరిపినానప్పా. అది దాచిపెట్టింది."

"చూసినాడా?"

"చూసినాడు. కళ్ళు చిట్లించి, శానాసేపు చూసినాడు."

అతను మంచం మీద కూర్చున్నాడు. నన్ను తిట్టుంటే బాగుండేది. ఆమె మిషను దగ్గరకు పోయి, సగం కుట్టిన జాకెట్టును సూది కింద నుంచి లాగి, పంటితో దారం తెంపింది. తర్వాత కుట్టనివీ కుట్టినవీ వేరు చేయడం మొదలుపెట్టింది. కుట్టని గుడ్డలను ఒక్కొక్కటీ పాత పేపర్లో చుట్టి, ఎవరివి వాళ్ళకిచ్చి రావడానికి సంచిలో పెట్టుకుంది. నేను సాయం చేయబోతే, "నువ్వు కూర్చోక్కా," అంది. ఆ మాటలో కోపం లేదు, ఏమీ లేదు.

"అమ్మాయి బడి?" అన్నాను.

"బడి ఇడిసినాక తీసుకొని అట్లే పోతాం," అన్నాడు అతను.

"యాడికప్పా?"

"నీకు తెలీకుంటేనే నీకు మంచిదిలే అక్కా."

అది నా మంచికే అన్నాడో, ఇంక నన్ను నమ్మలేక అన్నాడో నేను అడగలేదు. రెండోదే అయ్యుంటుంది. గోడ మీది కొలతల కాగితం ఆమె తీసుకోలేదు. ఆ వీధి కొలతలు వేరే ఊళ్ళో ఎందుకు పనికొస్తాయి? నేను తిరుగు బస్సెక్కేటప్పటికి ఇంటి ముందర ఆటో ఆగి ఉంది. మిషనును దాంట్లోకి ఎక్కిస్తున్నారు.

ఆ సాయంత్రం పెద్దాయన రాలేదు. మర్నాడు ఆయన మనిషి వచ్చి ఫ్లెక్సీ తీసుకుపోయాడు. పెద్దాయన స్వయంగా వచ్చింది నెల తర్వాత. ఆ నెలంతా నేను పేపర్లో చివరి పేజీ నుంచి మొదటి పేజీ దాకా ప్రతి చిన్న వార్తా చదివాను. కొత్త అర్జీ కోసం వచ్చి, స్టూలు లాక్కొని కూర్చున్నాడు. నేను కొట్టి, అలవాటుగా చదవబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు మ్మా. నేను చూసుకుంటాలే," అని జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. కొత్త ఫ్రేము. "మునుపొచ్చినప్పుడు నీతోనే చదివించుకుంటి గదా. అద్దాలు పగిలిపోయింటే ప్రొద్దుటూర్లో ఇచ్చింటి. నీ దాంట్లో ఏముందో ఒక్క ముక్క కనపడితే ఒట్టు. తెల్లగా కాగితం మాదిరి ఏదో ఉండె, అంతే." తెర చూసుకుంటూనే ఆగాడు. "మళ్ళ అట్ల గుడ్డ కప్పినావేందిమ్మా? నిప్పేమన్నా పట్టుకునిందా?"

నేను లేదు మామా అన్నాను. అక్షరం అక్షరం చూసుకొని, ఒక పేరు సరిచేయించి, ప్రింటు తీసుకున్నాడు. లేస్తూ లేస్తూ, "ఆ నాకొడుకు యాడుండాడో ఏమన్నా తెలిసిందా?" అని అడిగాడు.

"తెలీదు మామా," అన్నాను. ఈసారీ అది నిజమే. ఆయన పోయాక షట్టరు సగం దించి, బల్ల మీద తల పెట్టుకొని ఏడ్చాను. పోయి ఆ పిల్ల తండ్రికి చెప్పాలి, ఆయన చూడలేదప్పా, వెనక్కి రండి, నీ పెళ్ళాన్ని ఆ వీధిలో మళ్ళీ మిషను పెట్టుకోమను అని. చెప్పడానికి అడ్రసు లేదు. నేను చెరపలేని అడ్రసు ఒకటి, కనుక్కోలేని అడ్రసు ఇంకొకటి. వాళ్ళు పులివెందుల వదిలి పోయింది నా కంప్యూటర్ వల్ల అని ఊరటపడదామన్నా కుదరలేదు. చూసినాడు అని చెప్పింది నా నోరే.

ఆర్నెల్లు పడుతుందని అతను ధైర్యంగా ఉన్న కాగితం రెండు నెలలకే వచ్చింది. ఆఫీసువాళ్ళకు ఎప్పుడూ లేని చురుకు ఆ ఒక్క అర్జీ మీద ఎందుకు వచ్చిందో. పాత ఊరి కార్డులో ముగ్గురి పేర్లూ తీసేశారని, మెయిల్‌లో, ముద్రతో సహా. పులివెందుల కార్డు రాలేదు, అడగడానికి వాళ్ళు అక్కడ లేరు. ఇప్పుడు వాళ్ళ పేర్లు ఏ ఊళ్ళోనూ లేవు. ప్రింటు తీసి డ్రాయర్‌లో పెట్టాను.

తర్వాత ఏడాది ప్రొద్దుటూరు మెకానిక్కు వచ్చాడు. ఏదో అప్‌డేటు వేసి, చేతులు దులుపుకొని, "చూడక్కా, నీ స్టార్ట్ బటన్ వచ్చింది," అన్నాడు. నిజమే. కింద ఎడమ మూలన, పాత చోటే ఉంది. జనం శానా గోల పెట్టినారంట, కంపెనీవాళ్ళు మళ్ళీ పెట్టేసినారంట. ఆరోజు జరిగింది అతనికి చెప్పకుండా, ఫోటో తెరంతా వస్తే ఎట్ల మూయాలని మాత్రం అడిగాను. "రెండు కీలు కలిపి నొక్కితే సరిపోయె గదక్కా, నీకు తెలిసిందే," అని నొక్కి చూపించాడు. నాకు తెలిసిందే. పాతదానిలో రోజుకు ఇరవైసార్లు నొక్కినవే.

చోటు ఖాళీ చేస్తానని అతను లోపలంతా వెతుకుతూ, స్కానర్ దాచుకున్న ఫోల్డర్ తెరిచాడు. ఏడాదిగా చేసిన స్కాన్లన్నీ వరసగా ఉన్నాయి. నేను నా పద్ధతిలో చెరిపి చూపించినవన్నీ, రెండు గ్రూపులవీ, ఒక్కటి తప్పకుండా. అన్నీ చెరిపేయమన్నాను. అతను మొత్తం పట్టి నొక్కబోతుంటే, గుండ్రటి అక్షరాలది కనిపించింది.

"ఇదొక్కటి ఉండనీ," అన్నాను.

"పాతదే గదక్కా. ఎవరిది?"

ఆ ఫారంలో రాసిన ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. దాన్ని ఎవరు చూసినా ఎవరికీ ఏమీ కాదు. మూలన ముగ్గురూ వరసగా నిలబడి ఉన్నారు. ఫోటో కోసమని ఆమె కూతురి జడ ముందుకు వేసింది.

"వాళ్ళొస్తే కావల్ల," అన్నాను.